బడిపంతులు తీర్చిన బంతాట

ఆటలకు కూడా ఋతువులు ఉన్నవి. మన గోదావరి సీమలో వరి కోతలు ముగిసి, కుప్పలు నూర్చి, ధాన్యం గాదెలకు చేరి, చేలు ఆరిన తరువాతనే పిల్లలు చెడుగుడు బరి గీస్తారు. వానకాలంలో ఆ నేల రైతుది, వేసవిలో ఆటగానిది.

అమెరికా దేశంలో శరత్కాలం ప్రవేశించినదంటే కళాశాలలలో ఫుట్‌బాల్ ఋతువు ప్రవేశించినదని అర్థం. 1869 నవంబరు 6వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రంలో రట్గర్స్, ప్రిన్‌స్టన్ కళాశాలల విద్యార్థులు పక్షానికి 25 మంది వంతున నిలిచి ఆడిన ఆటతో ఈ సంప్రదాయం ఆరంభమైనది. ఆనాడు రట్గర్స్ విద్యార్థులు 6–4 గోల్స్‌తో గెలిచినారు. తరువాతి కాలంలో అమెరికనులు బంతిని చేతబట్టి పరుగెత్తే పద్ధతిని స్థిరపరచుకొన్నారు. కనుక వారి ఫుట్‌బాలూ మన ఫుట్‌బాలూ పేరుకు ఒకటే కాని, ఆటలు వేరు. అయినా వారి ఆచారంలో మనం గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. అక్కడ జట్టు విద్యాలయంలో పుడుతుంది. చదువు చెప్పినట్లే ఆట కూడా చెబుతారు. తరగతిలో ఉపాధ్యాయునికి ఎంత గౌరవమో, మైదానంలో శిక్షకునికి అంత గౌరవం.

మన దేశంలో ఫుట్‌బాల్ పుట్టుక వేరు. ఈ ఆట తెల్లవారి సైనిక పటాలాలతో వచ్చినది. డ్యూరాండ్ కప్పు పోటీలు 1888లో సిమ్లా కొండలలో సైనికుల వినోదం కోసం ఏర్పడినవి. రోవర్స్ కప్పు 1891లో బొంబాయిలో వెలసినది. 1911లో కలకత్తాకు చెందిన మోహన్ బగాన్ జట్టు, ఒకరు తప్ప తక్కినవారందరూ వట్టి కాళ్ళతో ఆడి, ఈస్ట్ యార్క్‌షైర్ పటాలాన్ని 2–1తో ఓడించి షీల్డు గెలిచినప్పుడు దేశమంతా పులకించినది. అది స్వాతంత్ర్యోద్యమ చరిత్రలో కూడా ఒక పుట. కాని ఆ తరువాత కూడా ఈ ఆట పటాలాల చేతిలోను, పెద్ద నగరాల క్లబ్బుల చేతిలోను ఉండినది. బడిలో పిల్లవానికి అక్షరాభ్యాసం చేయించినట్లు బంతిని క్రమంగా నేర్పే ఏర్పాటు అరుదు.

ఆ లోటును ఒక నగరంలో ఒక బడిపంతులు తీర్చినారు. ఆ నగరం హైదరాబాదు. ఆ పంతులు పేరు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన తీర్చిన ఆట ఎంత దూరం పోగలదో 1956వ సంవత్సరపు ఋతువులో లోకానికి తెలిసినది. ఆ ఋతువు కథనే నేడు ముచ్చటించుకొందాము.

రహీం 1909లో హైదరాబాదులో జన్మించినారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పట్టభద్రులైనారు. విద్యార్థిదశలోనే మంచి ఆటగాడు. చదువు ముగిసిన తరువాత ఉపాధ్యాయ వృత్తిలో ప్రవేశించి, కాచిగూడ, చాదర్‌ఘాట్ మొదలైన చోట్ల బడులలో పాఠాలు చెప్పినారు. వ్యాయామ విద్యలో ప్రత్యేకంగా శిక్షణ పొంది, బడి పిల్లల ఆటల బాధ్యత కూడా వహించినారు. తరువాత హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి అయినారు. నగర పోలీసు జట్టుకు శిక్షకులైనారు. భారత జట్టుకు కూడా శిక్షకులైనారు. పదవులు మారినవి కాని, ఆయన పద్ధతి మారలేదు. అది అచ్చంగా బడిపంతులు పద్ధతి.

ఆ పద్ధతిని కొంచెము పరిశీలించవలె. కుడిచేతితో వ్రాసే పిల్లవానికి ఎడమచేయి ఎట్లా మొద్దుగా ఉంటుందో, ఫుట్‌బాల్ ఆటగానికి కూడా ఒక కాలు అట్లా మొద్దుగా ఉంటుంది. ప్రత్యర్థి ఆ సంగతి కనిపెట్టినాడంటే సగం ఆట అయిపోయినట్లే. అందుచేత రహీం ఒక విచిత్రమైన పోటీ పెట్టినారు. అందులో వాటమైన కాలితో బంతిని తన్నరాదు. రెండవ కాలితోనే ఆడవలె. మొదట పిల్లలు తడబడేవారు. కొన్నాళ్ళకు ఏ కాలు ఏదో ప్రత్యర్థికి తెలియని స్థితికి వచ్చేవారు. బంతిని కాలివద్ద నిలుపుకొని ఒక్కడే చాతుర్యం ప్రదర్శించడం ఆయనకు ఇష్టం లేదు. వచ్చిన బంతిని వచ్చినట్లే తోటివానికి అందించే అభ్యాసం చేయించేవారు. బలం లేనివారు బంతిని పరుగెత్తించవలె గాని, తాము పరుగెత్తి అలసిపోరాదని దాని తాత్పర్యం. చిన్న వయసు పిల్లలకు వేరుగా పోటీలు జరిపించేవారు. బక్కపలచని పిల్లవాడు బలిసినవాని భుజం దెబ్బకు భయపడి ఆట మానుకొనకుండా కాపాడడం ఆ ఏర్పాటులోని సూక్ష్మం.

ఈ అభ్యాసాల ఫలితం 1950లో మొదట కనిపించినది. ఆ సంవత్సరం హైదరాబాదు నగర పోలీసు జట్టు బొంబాయి వెళ్ళి రోవర్స్ కప్పు గెలిచినది. అదే ఋతువులో ఢిల్లీ వెళ్ళి, స్వాతంత్ర్యానంతరం మొదటిసారిగా జరిగిన డ్యూరాండ్ పోటీలలో మోహన్ బగాన్‌ను ఓడించి ఆ కప్పు కూడా తెచ్చుకొన్నది. ఒక్క ఋతువులో రెండు మహాపోటీలు గెలిచిన ఆ జట్టు అంతటితో ఆగలేదు. 1950 మొదలు 1954 వరకు ఐదేండ్లు వరుసగా రోవర్స్ కప్పు హైదరాబాదును విడిచిపోలేదు. 1954లో డ్యూరాండ్ కూడా మరల వారిదే అయినది. నిజాం రాజ్యం భారతదేశంలో చేరి అప్పటికి కొద్ది సంవత్సరములే అయినది. హైదరాబాదు అనగానే తక్కిన దేశం రాజకీయాలనే తలచుకొనే రోజులలో, ఆ నగరాన్ని గురించి బొంబాయి, ఢిల్లీ ప్రజలు సంతోషంతో చెప్పుకోదగిన మాటను ఈ ఆటగాండ్రు కల్పించినారు.

కాని దేశంలో గెలవడం వేరు, ప్రపంచంలో నిలవడం వేరు. 1948 లండన్ ఒలింపిక్ క్రీడలలో మనవారిలో అధికులు వట్టి కాళ్ళతోనే ఫ్రాన్సును ఎదిరించి 1–2తో ఓడినారు. రెండు పెనాల్టీలు చేజారకుండా ఉన్నట్లయితే ఫలితం వేరుగా ఉండేదే. ఓడినా ఆ ఆటను మెచ్చుకొన్నారు. 1951లో ఢిల్లీలో జరిగిన మొదటి ఆసియా క్రీడలలో, రహీం శిక్షణలో మన జట్టు ఇరాన్‌ను 1–0తో ఓడించి స్వర్ణపతకం గెలిచినది. ఆ సంతోషం ఎక్కువ కాలం నిలువలేదు. 1952 జూలైలో హెల్సింకీలో యుగోస్లావియా జట్టు మనవారిపై 10 గోల్స్ చేసినది. మనవారు చేసినది ఒక్కటి. చలిదేశపు తడినేలమీద వట్టి కాళ్ళు పట్టు తప్పినవి. ఆ పరాభవం తరువాతనే అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసినది.

పది గోల్స్ తిన్న జట్టుకు పాఠం చెప్పడం సులభం కాదు. కోపపడితే పిల్లలు బెదిరిపోతారు, ఊరడిస్తే నేర్చుకోరు. రహీం తమ బడిపంతులు సహనంతో మరల అక్షరాలనుంచి మొదలుపెట్టినారు. బూట్లతో నడవడం, బూట్లతో మలుపు తిరగడం, బూటు ముక్కుతో గాక మడమవద్దనుంచి మడిచి బంతిని అందించడం సాధన చేయించినారు. ఆ కాలంలోనే హంగరీ దేశంవారు ముందువరుసలో నడుమ నిలిచే ఆటగానిని కొంత వెనుకకు దించి, ప్రత్యర్థి రక్షకులను తికమక పెట్టే కొత్త పన్నాగాన్ని ప్రపంచానికి చూపినారు. 1953లో ఇంగ్లండును వారి సొంత మైదానంలోనే 6–3తో ఓడించినది ఆ పన్నాగంతోనే. రహీం దాని కీలకాన్ని గ్రహించి మనవారికి నేర్పినారు. వెనుక నలుగురు, నడుమ ఇద్దరు, ముందు నలుగురు నిలిచే ఆ అమరిక 1958లో బ్రెజిల్ ప్రపంచ కప్పు గెలిచిన తరువాత జగత్ప్రసిద్ధమైనది. మన ఆటగాండ్రకు అది అంతకు ముందే పరిచితము.

ఇక 1956. ఆ సంవత్సరం నవంబరు 1వ తేదీన ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం అవతరించినది. గోదావరి జిల్లాలవారికి హైదరాబాదు కొత్త రాజధాని అయినది. ఆ నెలలోనే, 22వ తేదీన, ఆస్ట్రేలియాలోని మెల్బోర్న్ నగరంలో ఒలింపిక్ క్రీడలు ప్రారంభమైనవి. అక్కడికి వెళ్ళిన భారత జట్టుకు నాయకుడు కలకత్తాకు చెందిన సమర్ బెనర్జీ. శిక్షకుడు రహీం. అజీజ్, నూర్, జుల్ఫికరుద్దీన్, అహ్మద్ హుస్సేన్, తులసీదాస్ బలరాం హైదరాబాదు మైదానాలలో పెరిగినవారు. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడా హైదరాబాదులో పుట్టినవాడే. రాష్ట్రానికి నెల పేరు కూడా నిండకముందే, ఆ రాష్ట్రపు బిడ్డలు ఇందరు ప్రపంచ వేదికమీద నిలిచినారు.

వీరిలో బలరాం కథ ఒక్కటి చెప్పిన చాలును. సికిందరాబాదు చేరువ అమ్ముగూడలో ఒక బీద ఇంటి పిల్లవాడు. మొదటి బూట్ల జత కొనుక్కొనే శక్తి లేక, పోలీసులు పారవేసిన పాత బూట్లను చెప్పులు కుట్టేవానిచేత బాగుచేయించుకొని తొడుగుకొన్నాడు. రహీం ఆ పిల్లవాని ఆట చూచినారు. జట్టు ఎంపికకు రమ్మన్నారు. అమ్ముగూడనుంచి నగరానికి రోజూ రాకపోకలకు డబ్బులేదని ఆ పిల్లవాడు సంకోచించినాడు. సైకిలు అద్దెకు రహీం తమ చేతి డబ్బు ఇచ్చినారు. ఈ సంగతి బలరాం పెద్దవాడైన తరువాత కూడా కృతజ్ఞతతో తలచుకొనేవాడు. జీతం రాళ్ళతో బ్రతికే ఒక ఉపాధ్యాయుడు ఇచ్చిన ఆ చిల్లర డబ్బు లేకపోతే, ఇరవై ఏండ్ల వయసులో ఆ యువకుడు మెల్బోర్న్ చేరేవాడు కాదు.

చీటీలలో మనకు మొదట పడిన ప్రత్యర్థి హంగరీ. ఆ నవంబరులోనే సోవియట్ సేనలు హంగరీ తిరుగుబాటును అణచివేసినవి. ఆ దేశపు ఫుట్‌బాల్ జట్టు మెల్బోర్న్ రాలేదు. మనవారు ఆడకుండానే రెండవ అంచెకు చేరినారు. అదృష్టంకొద్దీ వచ్చినారన్న మాట లోకం అనకుండా ఉండదు. దానికి సమాధానం మైదానంలోనే చెప్పవలసి వచ్చినది.

డిసెంబరు 1వ తేదీ. విజయవాడ రేడియో కేంద్రం నెలకొని ఆనాటికి సరిగా 8 ఏండ్లు. ఆంధ్రప్రదేశ్ అవతరించి సరిగా ఒక్క నెల. ప్రత్యర్థులు ఆతిథ్యం ఇచ్చిన ఆస్ట్రేలియావారే. ఆట మొదలైన కొద్ది నిమిషాలకే బొంబాయి ఆటగాడు నెవిల్ డిసౌజా గోలు చేసినాడు. ఆస్ట్రేలియా సరిచేసినది. డిసౌజా మరల గోలు చేసినాడు. మరల ఆస్ట్రేలియా సరిచేసినది. విరామ సమయానికి రెండు పక్షాలూ 2–2తో సమంగా ఉన్నవి. ఇటువంటి ఘట్టంలోనే శిక్షణ తెలియవచ్చేది. విరామం తరువాత మనవారు తొందరపడలేదు; బంతిని పొట్టి దూరాలలో అందించుకొంటూ ఎదుటివారిని త్రిప్పినారు. 50వ నిమిషంలో డిసౌజా మూడవ గోలు చేసినాడు. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో ఒకే ఆటలో మూడు గోల్స్ చేసిన మొదటి ఆసియావాసి అతడే. పది నిమిషాలలో ఆట ముగియనున్నదనగా, కిట్టు అని పిలువబడే కృష్ణస్వామి నాలుగవది చేసినాడు. భారతదేశం 4, ఆస్ట్రేలియా 2. ఒలింపిక్ ఫుట్‌బాల్‌లో సెమీఫైనల్ చేరిన మొదటి ఆసియా దేశం మనది.

సెమీఫైనల్‌లో ఎదురైనది యుగోస్లావియా. నాలుగేండ్ల క్రిందట పది గోల్స్ చేసిన దేశమే. డిసెంబరు 4వ తేదీన ఆ ఆట జరిగినది. మొదటి సగంలో ఎవరూ గోలు చేయలేకపోయినారు. 52వ నిమిషంలో డిసౌజా మరల బంతిని వలలోనికి పంపినాడు. భారతదేశం 1, యుగోస్లావియా 0. హెల్సింకీలో తలవంచుకొన్న దేశం, అదే ప్రత్యర్థిమీద ఒలింపిక్ ఫైనల్ వాకిట ముందంజలో నిలిచినది. ఆ స్థితి రెండు మూడు నిమిషాలే నిలిచినది. యుగోస్లావియా సరిచేసినది, వెనువెంటనే మరొకటి చేసినది, ఆపైన మూడవది. నాలుగవది మనవాని కాలికే తగిలి మన వలలో పడినది. 1–4తో మనవారు ఓడినారు. 7వ తేదీన మూడవ స్థానం కోసం బల్గేరియాతో ఆడి 0–3తో ఓడినారు. పతకం దక్కలేదు. నాలుగవ స్థానం దక్కినది.

గెలుపు ఓటములను అంకెలలోనే చూచేవారికి ఇది ఓటమి కథ. కాని 1–10కి 1–4కి నడుమ ఉన్న నాలుగేండ్లలో ఎంత పని జరిగినదో లెక్కపెట్టవలె. బూటు తొడిగి ఎరుగని జట్టు బూటుతో ఆడడం నేర్చినది. ఒక్కొక్కరు ఆడే ఆట పదకొండుమంది ఆడే ఆటగా మారినది. యుగోస్లావియా ఆ పోటీలలో ఫైనల్ చేరి సోవియట్ జట్టుచేత ఒక్క గోలుతో మాత్రమే ఓడిన జట్టు. అట్టి జట్టును కొన్ని నిమిషాలైనా వెనుకబెట్టిన ఆట గాలివాటున వచ్చినది కాదు.

తరువాతి చరిత్రను సంగ్రహంగా చెప్పుకొందాము. 1957లో పోలీసు జట్టు డ్యూరాండ్ మరల గెలిచినది. 1961లో ఆంధ్రప్రదేశ్ పోలీసు అనే కొత్త పేరుతో మరొకసారి గెలిచినది. 1960 రోము ఒలింపిక్స్‌లో రహీం జట్టు ఫ్రాన్సుతో 1–1గా సమంగా నిలిచినది. 1962లో జకార్తాలో ఆసియా క్రీడలు జరిగినవి. అప్పటికే రహీం కాన్సరు వ్యాధితో బాధపడుతున్నారు. మొదటి ఆటలో దక్షిణ కొరియా చేతిలో 0–2తో ఓడిన జట్టునే మరల కూడదీసి, సెప్టెంబరు 4న ఫైనల్‌లో అదే దక్షిణ కొరియాను 2–1తో ఓడించి స్వర్ణపతకం తెచ్చినారు. తలకు గాయమై కుట్లతో ఉన్న రక్షకుడు జర్నైల్ సింగును ముందువరుసకు పంపినది ఆయన నిర్ణయమే. రెండవ గోలు చేసినది జర్నైల్ సింగే. ఆ తరువాత ఏడాది నిండకముందే, 1963 జూన్ 11వ తేదీన, రహీం కన్నుమూసినారు. 2024లో ఆయన కథ 'మైదాన్' అనే హిందీ చలనచిత్రంగా వచ్చిన తరువాత క్రొత్త తరంవారికి ఆ పేరు మరల తెలిసినది.

ఆయన పోయిన తరువాత 1966లో ఆంధ్రప్రదేశ్ జట్టు సంతోష్ ట్రోఫీ గెలిచినది. ఆయన నాటిన చెట్టు కాచిన చివరి పంట అదే అనవచ్చును. భారత ఫుట్‌బాల్ జట్టు 1960 తరువాత ఒలింపిక్ క్రీడలకు అర్హత పొందలేదు. 1962 తరువాత ఆసియా క్రీడల స్వర్ణం మరల రాలేదు. దీనికి కారణాలు పలువురు పలు విధాల చెబుతారు. మంచి ఆటగాండ్రు బ్రతుకుతెరువుకై కలకత్తా క్లబ్బులకు తరలినారని ఒకరు, క్రికెట్ మోజు పెరిగినదని మరొకరు. ఇవన్నీ కొంతవరకు నిజమే. కాని రహీం జీవితాన్ని చూచినవారికి అసలు కారణం వేరొకటి తోస్తుంది.

గోదావరి సీమవారికి ఆ కారణం సులభంగా తెలుస్తుంది. 1852లో పూర్తి అయిన ధవళేశ్వరం ఆనకట్ట మన సీమకు ప్రాణం. కాని ఆనకట్ట వద్ద ఎంత నీరు నిలిచినా, పిల్లకాలువలు పూడిపోతే కొసభూమి చేనుకు చుక్క నీరు అందదు. ఫుట్‌బాల్‌కు కప్పులు, పతకాలు ఆనకట్ట వంటివి; బడి మైదానాలు పిల్లకాలువల వంటివి. రహీం కాలువ పూడిక తీయడంతో మొదలుపెట్టినారు. చిన్నపిల్లల పోటీ, రెండవ కాలి పోటీ, సైకిలు అద్దె ఇవన్నీ పూడిక తీసే పనులే. ఆ పనులు చూచేవారు ఉండరు, పత్రికలలో పడవు. ఆయన తరువాత మనం పెద్ద పోటీలనే తలచుకొన్నాము, పూడిక సంగతి మరచినాము.

మన ఊళ్ళలో బడికి వెనుక ఒక ఖాళీ స్థలం ఉండేది. పలుచోట్ల దానిలో క్రొత్త గదులు లేచినవి, ప్రహరీ గోడ వచ్చినది, మిగిలిన చోట వాహనాలు నిలుస్తున్నవి. అక్కడ బంతి వెంట పరుగెత్తవలసిన పిల్లవాడు ఎక్కడనో ఉన్నాడు. వానిలో బలరాం ఉన్నాడో లేడో ఎవరికి తెలుసును? తెలియాలంటే ముందు ఆ స్థలం ఉండవలె. సాయంత్రం బడి విడిచిన తరువాత ఒక గంటసేపు అక్కడ నిలిచి, ఆ పిల్లవాని ఎడమకాలికి కూడా అక్షరాలు దిద్దించే ఒక పంతులు ఉండవలె.